కాటుక రేకుల పొడ: మన పాములకు మన పేర్లే రాసుకున్న దొర

చెనక్కాయ పీకే రోజులు. తెల్లారక ముందే చేలోకి దిగి, నడుం వంచి చెట్టు మీద చెయ్యి వేస్తాం. పక్కనే కుక్కరు కూత పెట్టినట్టు పెద్ద బుస. చూస్తే ఒళ్లంతా గొలుసులా పొడలున్న లావుపాటి పాము. అదే రక్తపింజర. కొందరు పొడపాము అంటారు. కుందుర్పి మెట్ట చేలల్లో ఎలుకలున్న చోటికల్లా వస్తుంది. ఎలుకలేమో మన చెనక్కాయ కోసం వస్తాయి.

ఈ పామును ప్రపంచమంతా 'రస్సెల్స్ వైపర్' అంటుంది. ఎవరీ రస్సెల్? ఆయన పాములను చదివింది మన తెలుగు నేల మీదే.

విశాఖకు వచ్చిన డాక్టరు

పాట్రిక్ రస్సెల్ స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. సిరియాలోని అలెప్పో పట్నంలో చాలా ఏళ్లు వైద్యం చేశాడు. అక్కడ ప్లేగును కళ్లారా చూసి దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో అధికారి. ఆయనతో కలిసి 1781లో ఇండియాకు బయలుదేరాడు. అప్పటికే పాట్రిక్‌కు యాభై దాటాయి.

1785లో కంపెనీ ఆయనను కర్ణాటక ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. మొక్కలు, చేపలు కూడా చూశాడు గానీ ఆయనను పట్టుకున్నది పాముల సంగతే. కాటుకు జనం చనిపోతున్నారు. ఏ పాము విషపుది, ఏది కాదు అన్నది కంపెనీ డాక్టర్లకే తెలియదు.

రస్సెల్ పాములను తెప్పించి నోరు తెరిచి కోరలు చూశాడు. రంగు, పొలుసులు చూసి విషం సంగతి తేల్చడం కుదరదని, కోరలు చూస్తేనే ఖాయమని గ్రహించాడు. కోళ్ల మీద, కుక్కల మీద విషం ఎంత వేగంగా పనిచేస్తుందో పరీక్షించాడు. ఆ రోజుల్లో పాము కాటుకు పేరుమోసిన తంజావూరు మాత్రనూ వదల్లేదు. అందులో పాషాణం కలిసేది.

పుస్తకంలో తెలుగు మాటలు

ఆయన పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. 40కి పైగా రంగుల బొమ్మలు. చాలా పాముల పక్కన ఇక్కడి జనం చెప్పిన పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. రక్తపింజరకు రాసిన పేరు 'కాటుక రేకుల పొడ'. ఎంత చక్కని పేరు! మరో పాముకు 'బంగారం పాము' అని రాశాడు. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు వాడే 'బంగారస్' అన్న పేరు అందులోంచి వచ్చిందే. 1797లో మరో శాస్త్రజ్ఞుడు రక్తపింజరకు రస్సెల్ పేరు పెట్టాడు. పుస్తకానికెక్కింది దొర పేరే. పాములను గుర్తుపట్టి చెప్పిన మనవాళ్ల పేర్లు మాత్రం ఎక్కలేదు.

మంత్రం ఎందుకు పనిచేసినట్టుంటుంది?

రస్సెల్ చూసిన పాముల్లో విషపు కోరలున్నవి కొన్నే. మన పల్లెల్లోనూ అంతే. జెర్రిపోతు కరిచినా మనిషి బతుకుతాడు. విషపు పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తుంది. అలా బతికినవారి పేరు చెప్పుకుని మంత్రగాడికి, ఆకుపసరుకు పేరొస్తుంది. నిజంగా విషమెక్కిన మనిషికి మాత్రం ఆ రెండు గంటల ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

రస్సెల్ 1805లో చనిపోయాడు. ఆయన కాలానికి అసలు మందు లేదు. 1890ల్లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు కాల్మెట్ నాగుపాము విషానికి మొదటి విరుగుడు చేశాడు. నేడు మన ఆసుపత్రుల్లో ఇచ్చే ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషమిచ్చి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడుతో దీన్ని చేస్తారు. అందుకే పామును చంపి ఆసుపత్రికి మోసుకెళ్లే పని లేదు. ఆ ప్రయత్నంలో ఇంకొకరు కాటు తింటారు.

2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏటా సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లె జనమే. సగం చావులు జూన్ - సెప్టెంబరు మధ్య, అంటే మన సేద్యం రోజుల్లోనే.

రైతు సోదరులు గుర్తుంచుకోవాల్సినవి

* కాటు పడితే మనిషిని నడిపించవద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి.
* తాడుతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు.
* 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో కళ్యాణదుర్గం వైపు బయలుదేరండి. కాటు పడిన టైము గుర్తుపెట్టుకోండి.
* రక్తపింజర కాటుకు వాపు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం కనిపిస్తాయి. కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాల్లో గడ్డకడుతుందా లేదా చూస్తారు.
* కట్లపాము కాటు నిద్రలో చీమ కుట్టినట్టే ఉంటుంది. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలైతే ఆలస్యం చేయొద్దు.
* రాత్రి మోటారు వేయడానికి వెళితే టార్చి, చేతికర్ర, కాళ్లకు బూట్లు తప్పనిసరి. చెనక్కాయ కుప్పను ముందు కర్రతో కదిపి, తర్వాతే చెయ్యి పెట్టండి. వామి ఇంటికి దూరంగా వేయండి. నేల మీద కాక మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి.

పామును చూసి భయపడటం తప్పు కాదు. రస్సెల్ కూడా భయంతోనే చూసి ఉంటాడు. కానీ చూశాడు, తెలుసుకున్నాడు. ఆయనకు లేని మందు నేడు మనకు ఉంది. వేళకు చేరుకోవడమే మన వంతు.