నాలుగు శాతం ఎవరి చేతికి పోతోంది?

దేశంలో తయారీని నిలబెడతామంటూ కేంద్రం 2014 సెప్టెంబరు 25న ‘మేకిన్ ఇండియా’ ప్రారంభించింది. 2020 నుంచి ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల పథకం, అంటే పీఎల్‌ఐ తెచ్చింది. 14 రంగాలకు సుమారు 1.97 లక్షల కోట్ల రూపాయలు. ఇంత ప్రజాధనంలో దళితుల వాటా ఎంత?

పీఎల్‌ఐలో కంపెనీ ముందు పెట్టుబడి పెట్టాలి. పెరిగిన అమ్మకాలపై ప్రభుత్వం కొంత శాతం చెల్లిస్తుంది. మొబైల్ ఫోన్ల తయారీలో దేశీయ కంపెనీ నాలుగేళ్లలో 200 కోట్లు పెట్టాలని షరతు ఉండేది. వస్త్రాల్లో కనీస పెట్టుబడి 2025 వరకు 100 కోట్లు ఉండేది. తరతరాలుగా భూమికీ ఆస్తికీ దూరంగా ఉంచిన కులాలకు ఇది దాటలేని గోడ. పైగా ఆగ్రాలో జాటవ్‌లు, మన దగ్గర మాదిగలు బతుకంతా ధారపోసిన తోలు, చెప్పుల పరిశ్రమ ఆ 14 రంగాల్లో లేదు. 2025-26 బడ్జెట్‌లో దానికి వేరే పథకం ప్రకటించి, 22 లక్షల మందికి ఉపాధి అన్నారు. కూలీలుగానా, యజమానులుగానా అన్నదే అసలు ప్రశ్న.

మనకు నేరుగా వాటా ఇచ్చిన నిబంధన మరొకటి ఉంది. 2012 ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు ఏటా కొనేవాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే కొనాలి. మొదట ఇది 20 శాతం, 2018లో పెంచారు. ఇందులో భాగంగానే మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల పరిశ్రమల నుంచి రావాలి. భాగస్వామ్య సంస్థ అయితే 51 శాతం వాటా వాళ్లదై ఉండాలి. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు కట్టనక్కర్లేదు.

అయితే అదే ఉత్తర్వులో ఒక కన్నం ఉంది. ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకూ కనిష్ఠ ధరకూ తూగకపోయినా ఆ 4 శాతాన్ని ఇతర చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చు. రిజర్వేషన్ పోస్టుల్లో ‘అర్హులు దొరకలేదు’ అనే మాట విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తకాదు. పూర్వానుభవం, టర్నోవరు షరతులను సడలించే వీలున్నా, సడలించాలా వద్దా అన్నది కొనే సంస్థ చేతిలోనే ఉంటుంది.

అందుకే వైజాగ్ స్టీల్, బీహెచ్‌ఈఎల్, బీడీఎల్ వంటి సంస్థలకు సమాచార హక్కు దరఖాస్తులు వేద్దాం. గత ఏడాది మొత్తం కొనుగోళ్లు ఎంత? ఎస్సీ, ఎస్టీల నుంచి ఎంత? ఎన్ని టెండర్లలో షరతులు సడలించారు? జవాబులు చేతిలో ఉంటే వాటాను లెక్కగట్టి అడగొచ్చు.