కొబ్బరాకుపై నలుపు: మసి బూజా? గాలిలోని ధూళియా?



ముమ్మిడివరం మీదుగా పోవు 216వ జాతీయ రహదారి ప్రక్కన కొబ్బరితోటలు గలవారు, ఆకులపై నల్లని పూత చూచి "ఇది లారీల పొగ" అని తలచుట సహజము. అయితే కంటికి కనిపించు నలుపంతయు పొగ కాదు. గాలిలో హాని చేయు లోహములు కంటికి కనిపించవు. కావున ముందు పరీక్షించి, పిమ్మట నిర్ణయించుకొనవలెను.

తోటలో పరీక్ష

ఆకులను త్రిప్పి అడుగు భాగము చూడుడు. దూది వంటి తెల్లని మైనము, సుడులుగా పెట్టిన గ్రుడ్లు ఉన్నచో, అది 2016 తరువాత మన రాష్ట్రమున వ్యాపించిన సర్పిలాకార తెల్లదోమ. అది విసర్జించు తియ్యని జిగురు క్రింది ఆకులపై పడగా, దానిపై మసి బూజు పెరుగును. తొందరపడి పురుగుమందు చల్లినచో, దోమను అదుపుచేయు ఎన్‌కార్సియా అను మిత్రపురుగు నశించును. నీటిని బలముగా చిమ్మి ఆకులు కడిగి, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము వారి సలహా పొందుడు.

దోమ జాడ లేక, రుద్దగా పొడిగా రాలినచో అది ధూళి.

గాలిని కొలుచు విధము

గాలిని పీల్చు యంత్రములో, ముందుగా తూచిన వడపోత కాగితము నుంచి 24 గంటలు నడుపుదురు. మరల తూచగా పెరిగిన బరువే ధూళి. దానిని పీల్చిన గాలి ఘనపు మీటర్లచే భాగింతురు. బరువు ధూళి ఎంతయో చెప్పును గాని, ఎచ్చటిదో చెప్పదు. అందుకై కాగితముపై ధూళిని ఆమ్లములో కరగించి, మూలకములను వేరుపరచి లెక్కించు యంత్రమున పరీక్షింతురు. వాడని కాగితమును గూడ పరీక్షించి, అందలి లోహమును లెక్కనుండి తీసివేయుదురు.

అల్యూమినియము, ఇనుము ముఖ్యముగా మట్టిని సూచించును. సోడియము సముద్రపు తుంపరను. పొటాషియము గడ్డి కాల్చిన పొగను. జింకు, రాగి టైర్ల, బ్రేకుల అరుగుదలను. విరళ మృత్తిక మూలకములును సాక్ష్యమిచ్చును. సాధారణపు మట్టిలో సీరియము లాంథనమునకు సుమారు రెండింతలుండును. లాంథనము పాలు హెచ్చినచో చమురు శుద్ధి కర్మాగారపు ధూళిని అనుమానింతురు.

2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణముల ప్రకారము, ఘనపు మీటరు గాలిలో సాలు సగటున సీసము 500, నికెలు 20, ఆర్సెనిక్ 6 నానోగ్రాములు మించరాదు. నానోగ్రామనగా గ్రాములో 100 కోట్లవ వంతు. ఇంత స్వల్పమును కన్ను గాని, ముక్కు గాని పసిగట్టజాలదు.

మీరు చేయవలసినది

1. రోడ్డు ప్రక్క పెంచిన ఆకుకూరలను రెండు మూడు నీళ్లలో కడిగి వండుడు. పైనున్న ధూళి చాలవరకు పోవును.

2. టైర్లు, ప్లాస్టిక్, పాత బాటరీలు కాల్చకుడు. గడ్డిని పశువులకో, ఎరువునకో వినియోగింపుడు.

3. అనుమానమున్నచో, వర్షము లేని రోజులలో, రోడ్డు ప్రక్క చెట్టునుండి, దూరపు తోట చెట్టునుండి ఒకే వయస్సు ఆకులు కోసి, కడుగక, వేరువేరు కాగితపు సంచులలో నుంచుడు. తేదీ, స్థలము వ్రాసి మీ వ్యవసాయాధికారికి చూపుడు. రెండింటిని పోల్చిననే నిజము తెలియును.