ముక్కులో నాలుగు చుక్కలు

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో తిరుపతి, చిత్తూరు పిల్లల డాక్టర్ల దగ్గర బెంచీలు ఖాళీగా ఉండవు. మామూలు రొంపే అనుకున్నది పిల్లికూతల్లోకి దిగుతుంది. పసిబిడ్డ పాలు మానేసి డొక్కలు ఎగరేస్తుంది. రెండేళ్లలోపు పిల్లల్ని ఇలా ఆయాసపెట్టే వైరసుల్లో ముఖ్యమైనది ఆర్‌ఎస్‌వీ.

ఆర్‌ఎస్‌వీ అయినా, ఫ్లూ అయినా, కరోనా అయినా చొరబడేది ప్రధానంగా ముక్కులోంచే. టీకా మాత్రం ఎక్కువగా భుజానికో తొడకో వేస్తున్నాం. సూదిమందు రక్తంలో యాంటీబాడీలు పెంచి జబ్బు ముదరకుండా కాపాడుతుంది. ముక్కులోని తడిపొరను కాచే ఐజీఏ యాంటీబాడీలు మాత్రం దానితో అంతగా పుట్టవు. వీధి గుమ్మం వదిలేసి నడవాలో కాపలా పెట్టినట్టే.

గుమ్మం దగ్గరే అడ్డుకోవాలన్న ప్రయత్నం కరోనా కాలంలో హైదరాబాదులోని భారత్ బయోటెక్‌లో జరిగింది. ఆ సంస్థ వ్యవస్థాపకుడు కృష్ణ ఎల్లా తిరుత్తణి ప్రాంతపు రైతు బిడ్డ. 1960 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. ఆ ప్రయత్నానికి మూలం మాత్రం అమెరికాలో ఉంది. అక్కడ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మైకేల్ డైమండ్, డేవిడ్ క్యూరియెల్ బృందాలు చింపాంజీ అడినోవైరస్‌ను ఒంట్లో పెరగలేనట్టు మార్చి, దానిచేత కరోనా స్పైక్ ప్రొటీన్ జన్యువును మోయించాయి. ముక్కులో ఒక్క డోసు వేసిన ఎలుకల్లో ముక్కూ ఊపిరితిత్తులూ రెండూ దాదాపు పూర్తిగా రక్షణ పొందాయి. ఆ టీకా హక్కులను భారత్ బయోటెక్ 2020లో తీసుకుంది. 2022 సెప్టెంబరు 6న అత్యవసర అనుమతి దొరికింది, 2023 జనవరి 26న ఇన్‌కోవాక్ పేరుతో విడుదలైంది. ఒక్కో ముక్కుపుటంలో నాలుగేసి చుక్కలు, 28 రోజులకు మళ్లీ అంతే.

అయితే ఆ అనుమతి 18 ఏళ్లు నిండినవారికే. సుమారు 3,100 మందిపై జరిగిన మూడోదశ పరీక్షలో ప్రధానంగా కొలిచింది కూడా యాంటీబాడీలనే. వైరస్ సోకకుండా ఎంతమందిని ఆపిందన్నది అందులో తేలే విషయం కాదు. ఇది చిన్న లోటేమీ కాదు.

పిల్లల ముక్కుకు టీకా కొత్త కాదు. 1960ల్లో మిషిగన్ యూనివర్సిటీలో హునైన్ మసాబ్ ఫ్లూ వైరస్‌ను 25 డిగ్రీల చల్లదనానికి అలవాటు చేశారు. అది చల్లటి ముక్కులో పెరుగుతుంది, వెచ్చటి ఊపిరితిత్తుల్లో పెరగలేదు. 2003లో అమెరికాలో ఫ్లూమిస్ట్‌గా వచ్చిన ఆ టీకా స్ప్రేను ఇప్పుడు రెండేళ్లు నిండిన పిల్లలకూ వేస్తున్నారు. 2013 నుంచి బ్రిటన్ పిల్లలకూ అలాంటి స్ప్రేనే.

ఆర్‌ఎస్‌వీ దగ్గర మాత్రం పాత గాయం ఒకటుంది. 1960ల్లో ఫార్మలిన్‌తో చంపిన వైరస్‌ను సూదిగా వేస్తే, తర్వాత ఆ వైరస్ సోకిన బిడ్డలకు జబ్బు మరింత ముదిరింది, ఇద్దరు చనిపోయారు. బలహీనపరచిన సజీవ వైరస్‌ను ముక్కులో వేసిన పరీక్షల్లో అలాంటి కీడు కనబడలేదు. అందుకే పరిశోధకులు ఆ దారి వదల్లేదు.

ముక్కులో వేసే ఆర్‌ఎస్‌వీ టీకా సిద్ధమైతే మన పల్లెల్లో దారి పరిచే ఉంది. 2016లో రోటావైరస్ టీకా చుక్కల్ని మొదట అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల బిడ్డలకు ఆ చుక్కలు వేసే ఏఎన్‌ఎంలు ఊరూరా ఉన్నారు. ఇన్‌కోవాక్‌కు కావలసిన 2–8 డిగ్రీల చల్లదనం వాళ్ల ఐసు పెట్టెల్లో ఇప్పటికే ఉంది. ఇక జరగాల్సింది పసిబిడ్డలపై జాగ్రత్తగా, దశలవారీగా జరిపే పరీక్షలే. ఆ ఖర్చును ప్రభుత్వమే ముందుకొచ్చి భరించాలి.