మహిషాసురుడి ఒంటి రంగు

దసరా పందిట్లో అందరి చూపూ అమ్మవారి మీదే. రంగులేసినవాడి కష్టం మాత్రం చాలావరకు ఆవిడ పాదాల కింద పడి ఉంటుంది.

అమ్మవారి ముఖానికి పసిమి ఎంత, పెదవికి ఎరుపు ఎంత అన్నదానికి ఒక కట్టడి ఉంది. దేవత ఒంటి మీద మచ్చ ఉండకూడదు, ఎండకు కమిలిన మెడ ఉండకూడదు. ఒకే రంగు నున్నగా పరిచేస్తే సరిపోతుంది. రాక్షసుడికి ఆ పేచీ లేదు. బెంగాల్ పాత బొమ్మల్లో అసురుడు ఆకుపచ్చగా ఉంటాడు; మైసూరు చాముండి కొండ మీదివాడు కత్తీ పామూ పట్టుకుని, బుర్ర మీసాలతో నిలబడతాడు. వాడిది ఫలానా ఛాయే అని పట్టుబట్టేవాళ్లు లేరు. నన్నడిగితే, పందిరి మొత్తంలో నిజమైన చర్మం వేయడానికి చోటున్నది వాడి ఒంటి మీదే.

దేవీమాహాత్మ్యంలో వాడు దున్నపోతు, సింహం, మనిషి, ఏనుగు, మళ్లీ దున్నపోతు అవుతాడు. చివరికి దున్న నోట్లోంచి సగం బయటికొచ్చి ఉండగా చస్తాడు. అంటే పశువు తోలు ఎక్కడో ఒకచోట మనిషి చర్మంగా మారాలి. పనితనం బయటపడేది ఆ అతుకు దగ్గరే. గోదావరి డెల్టాలో ధవళేశ్వరం చుట్టుపక్కల పనిచేసేవాళ్లు నమూనా కోసం పుస్తకాలు తిరగేయనక్కర్లేదు, కాలవ గట్టు మీద గేదెను కాసేపు చూస్తే చాలు. ఎండ పడిన వీపు మీద నీలి మెరుపు, వెంట్రుక పల్చబడిన చోట ఇటుక ఛాయ, చెవి లోపల గులాబీ, బురద ఎండిన డొక్కల మీద బూడిద. నల్ల ట్యూబు పిండి పూసేస్తే అది గేదెలా ఉండదు, తారు డబ్బాలా ఉంటుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపి నలుపు పుట్టించుకోవాలి. అందులో అంబర్ పాలు మెల్లగా పెంచుకుంటూ పోతే గేదె మెడ మనిషి మెడవైపు అదే నడుస్తుంది.

ఇక మనిషి భాగం. ఫ్లెష్ టింట్ పేరుతో దుకాణంలో దొరికే గులాబీ రంగు డెల్టాలో ఎవరి ఒంటిదో నాకు తెలియదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ తన ఫ్లెష్ క్రేయాన్ పేరును 1962లోనే పీచ్‌గా మార్చుకుంది. మన చేలల్లో పనిచేసే మనిషిని వేయాలంటే బర్న్ట్ సియన్నా, ఎల్లో ఓకర్, కాస్త నీలం చాలు. తెలుపు చివర్లో, పొదుపుగా. ముందే కలిపితే చర్మం పాలిపోతుంది. అడుగున ముదురు కోటు. దాని మీద పొడి బ్రష్‌తో ఎత్తులు పట్టుకుని మధ్య ఛాయ. తర్వాత స్పాంజితో అక్కడక్కడా ఎరుపు, పసుపు, పచ్చ చిన్న చిన్న అద్దులు, ఎందుకంటే ఏ చర్మమూ ఒకే రంగులో ఉండదు. చెవులు, ముక్కు కొస, మోచేతులు, వేళ్ల కణుపుల దగ్గర నెత్తురు పైకి కనపడాలి. నరాలు అడుగు పొరలోనే గీయాలి, పైన గీస్తే తాడు చుట్టినట్టే ఉంటుంది. నల్లటి మనిషికి అరచేతులూ అరికాళ్లూ లేతగా ఉంటాయన్న సంగతి మంచి పనివాళ్లు కూడా మరిచిపోతుంటారు. కిందపడి కాళ్లు మన వైపు చాపిన రాక్షసుడికి ముందు కనిపించేది అరికాళ్లే కదా!

ఇదంతా అక్రిలిక్‌తో చేసే పని. ఆ రంగులో తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా కనిపించే జిగురు ఆరాక అద్దంలా తేటపడుతుంది. అందుకే ఆరిన రంగు తడిరంగు కంటే ఒక మెట్టు ముదురు. ఇది తెలియక దిద్దీ దిద్దీ నల్లబరిచిన బొమ్మలు చాలానే ఉంటాయి. పల్చన చేయడానికి నీళ్లు అతిగా పోస్తే జిగురు బలం తగ్గి పొర నిలవదు, మీడియం, అంటే రంగు కలపని అదే జిగురు, కలపాలి. మే నెల ఎండలో రంగు బ్రష్ మీదే గడ్డకడుతుంది, వానాకాలంలో పొర ఆరేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

ఈ పల్చటి పొరల కిటుకు గోదావరి జిల్లాలకు కొత్తేం కాదు. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మల్లో రావణుడి ఒంటికి నిజంగానే చర్మం ఉంది, జంతువు తోలు. వెలుగు వెనక నుంచి రంగులోంచి దూరి మన కంటికి చేరుతుంది. అక్రిలిక్ బొమ్మ మీద వెలుగు ముందు నుంచి పొరల్లోకి దూరి, అడుగు కోటుకు తగిలి వెనక్కొస్తుంది. దారి వేరైనా, చర్మం లోపలి నుంచి వెలిగినట్టు కనపడటానికి కారణం ఒకటే. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాలకు వెళ్లి ఆయన నీటిరంగుల బొమ్మల్లో మెడలూ భుజాలూ చూసి రావడం రాక్షసుడికి రంగులేసేవాడికి కూడా పనికొస్తుంది.

చివరి కోటు మ్యాట్ వార్నిష్. మెరుపు కళ్లకు, చిగుళ్లకు, దున్న ముట్టెకు మాత్రమే. ఒళ్లంతా మెరిస్తే ప్లాస్టిక్ అని పిల్లలు కూడా పట్టేస్తారు.

నిజానికి అది ప్లాస్టిక్కే. ఆరిన అక్రిలిక్ నీళ్లలో కరగదు, నిమజ్జనం చేస్తే పొరలు పొరలుగా ఊడి నీళ్లలోనే ఉండిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలవల్లోకి మళ్లే నీళ్ల మీదే డెల్టా పొలాలు బతుకుతున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన నిమజ్జన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌నూ విషపు రంగులనూ వద్దన్నాయి. కాబట్టి అక్రిలిక్ రాక్షసుడు గుమ్మం ముందో, ఎగ్జిబిషన్‌లోనో నిలిచిపోయే ఫైబర్ బొమ్మ అయి ఉండాలి. నీళ్లలో కలిసే మట్టి బొమ్మకు జేగురు, పసుపు, దీపపు మసి, సుద్ద, చింతగింజల జిగురు ఉన్నాయి. వాటితోనూ పొరలు వేయొచ్చు. బర్న్ట్ సియన్నాలో ఉన్నదీ, జేగురులో ఉన్నదీ ఇనుప తుప్పే.