సందేహం ఎవరి పక్షం?

ఒక వ్యక్తి అమెరికా సైన్యంలో విమానాల ఇంజన్ల హోరు మధ్య పనిచేశాడనుకుందాం. విడుదలనాటి పరీక్షలో వినికిడి మామూలుగానే ఉంది. పాతికేళ్ల తరువాత చెవులు వినిపించడం లేదు. ఆనాటి శబ్దమే కారణమని ఒక వైద్యుడు, వయసు వల్లనేనని మరొక వైద్యుడు రాసి ఇచ్చారు. పరిహారం ఇవ్వాలా, వద్దా?

మాజీ సైనికుల వైకల్య పరిహారానికి సాధారణంగా మూడు విషయాలు తేలాలి: ప్రస్తుత వైకల్యం, సేవాకాలంలో కలిగిన గాయమో వ్యాధో, ఆ రెంటి మధ్య సంబంధం. వివాదం ఎక్కువగా మూడవదాని చుట్టూ తిరుగుతుంది. మామూలు సివిల్ దావాలో త్రాసు సమంగా నిలిస్తే వాది ఓడిపోతాడు. ఇక్కడ అనుకూల, ప్రతికూల సాక్ష్యాలు దాదాపు సమతూకంలో ఉంటే సైనికుడే గెలుస్తాడు. 1990లో గిల్బర్ట్ కేసు తీర్పు ఈ నియమాన్ని పిల్లల బేస్‌బాల్ ఆటతో పోల్చింది: బంతీ, పరుగెత్తేవాడూ ఒకేసారి చేరితే గెలుపు పరుగెత్తేవాడిదే.

ఆ తీర్పిచ్చిన ప్రత్యేక న్యాయస్థానం 1988 నాటి చట్టం వల్ల ఏర్పడింది. అంతకుముందు పరిహారం నిరాకరిస్తే కోర్టుకు వెళ్లే దారి దాదాపు లేదు. ఇప్పుడు అప్పీళ్ల బోర్డు తన నిర్ణయానికి కారణాలు రాయాలి. అవి చాలకపోతే కోర్టు కేసును తిప్పి పంపగలదు. విడుదలనాడు వినికిడి బాగున్నంత మాత్రాన పరిహారం నిరాకరించరాదని 1993లో హెన్స్‌లీ కేసులో అదే కోర్టు చెప్పింది.

అయితే ఈ రక్షణకు హద్దులున్నాయి. సాక్ష్యాలు సమతూకంలో ఉన్నాయా అన్నది ప్రధానంగా వాస్తవాలకు సంబంధించిన ప్రశ్న అనీ, బోర్డు అంచనాలో స్పష్టమైన పొరపాటుంటేనే ఆ కోర్టు కలగజేసుకోవాలనీ 2025లో బఫ్‌కిన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే అసలు తూకం బోర్డు దగ్గరే ముగుస్తుంది.

కాబట్టి దారి ఎంపిక ముఖ్యం. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన పద్ధతిలో, నిరాకరణ తరువాత మూడు మార్గాలున్నాయి: కొత్త సాక్ష్యంతో అనుబంధ దరఖాస్తు, పాత సాక్ష్యాలపైనే పై అధికారి పునఃపరిశీలన, బోర్డుకు అప్పీలు. ఏడాదిలోగా కదిలితే తొలి దరఖాస్తు తేదీ నుంచి పరిహారం పొందే అవకాశం నిలుస్తుంది. మన ఉదాహరణలో వైద్యుడు శబ్దమే కారణమన్నాడు సరే, ఎందుకో వివరించాడా? కారణం చెప్పని అభిప్రాయానికి బరువు తక్కువ. సమతూకం సైనికుడిని గెలిపిస్తుంది. కాని అతని వైపు తట్టలో వేయవలసినది సకాలంలో వేసినప్పుడే.