పాత జీపు స్టీరింగ్ ఊగుతోందా? బాక్సు బిగించే ముందు కిందినుంచి చూడండి

రాయగడ, కోరాపుట్ ఘాట్ రోడ్లలో, డెంకణికోట కొండ దారుల్లో, సిరొంచ వైపు అడవి రోడ్ల మీద ఇప్పటికీ పాత మహీంద్రా జీపులు తిరుగుతున్నాయి. పొలానికి ఎరువుల బస్తాలు, సంతకు సరుకు, పెళ్ళికి చుట్టాలు, అన్నింటికీ అదే బండి. ఇంజను బాగుంటే బండి బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. కానీ ఘాట్ దిగేటప్పుడు మనల్ని కాపాడేది స్టీరింగూ, బ్రేకులూ.

స్టీరింగ్ లూజయిందంటే షెడ్డులో చాలాసార్లు మొదట జరిగే పని స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించడం. అయిదు నిమిషాల్లో లూజు పోయినట్టే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. బండి ఎక్కువ దూరం నేరుగానే నడుస్తుంది కాబట్టి బాక్సులోని పళ్ళు మధ్యభాగంలో ఎక్కువ అరుగుతాయి. ఆ అరుగుదల పోయేదాకా బిగిస్తే, మలుపు తిప్పినప్పుడు పక్కల పట్టేస్తుంది. తిప్పిన స్టీరింగ్ తిరిగి నేరుగా రాదు. ఘాట్ మలుపులో ఇది లూజు కంటే ప్రమాదం. పైగా లూజు వేరేచోట ఉంటే అది అలాగే మిగిలిపోతుంది. అందుకే నేలనుంచి పైకి వరుసగా చూసుకుంటూ రావాలి. బాక్సు వంతు చివరన.

మొదట టైర్లు

ఖర్చు లేని పరీక్ష ఇదే. బండి చల్లగా ఉన్నప్పుడు నాలుగు టైర్లలో గాలి చూడండి. ముందు రెండింటిలో తేడా ఉంటే బండి గాలి తక్కువున్న వైపు లాగుతుంది. తర్వాత ముందు టైర్లను వెనక్కీ, వెనకవాటిని ముందుకూ మార్చి నడపండి. లక్షణం మారితే తప్పు టైరుది. టైరు ఒక అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ చూపించాలి. టైరు పక్కన ఉబ్బు కనిపిస్తే ఆ టైరు ఇక వాడకూడదు.

ఇద్దరు కలిసి చేసే పరీక్ష

బండిని చదునైన చోట ఆపి, ఇంజను ఆపేసి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టండి. ఒకరు స్టీరింగును కొద్దిగా ఎడమకూ కుడికీ ఆపకుండా ఆడిస్తుండాలి. రెండోవారు ముందువైపు వంగి, కదలిక ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో చూడాలి.

స్టీరింగ్ రాడ్డు తిరుగుతున్నా బాక్సు కింది ఆర్మ్ కదలకపోతే లోపం బాక్సుది. బాక్సే ఛాసిస్ మీద కదులుతుంటే బోల్టులు వదులయ్యాయి, లేదా అక్కడ ఛాసిస్ చీలింది. ఆర్మ్ కదిలినా డ్రాగ్ లింక్ ఆలస్యంగా కదిలితే ఆ జాయింటు అరిగింది. విల్లీస్ కాలం నాటి డిజైనులో మధ్యన బెల్ క్రాంక్ అనే ముక్క ఉంటుంది. డ్రాగ్ లింక్ దాన్ని తిప్పితే అది రెండు టై రాడ్లను తోస్తుంది. దాని పిన్నూ బేరింగూ అరిగితే లూజంతా అక్కడే పోగవుతుంది. ఒక్కో జాయింటు మీద వేలు పెడితే కంటికి కనపడని ఆట కూడా తెలుస్తుంది.

జాకీ మీద

ముందు చక్రం లేపి, ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టండి. జాకీని మాత్రమే నమ్మి కింద దూరకండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే అది హబ్ బేరింగుదో, కింగ్ పిన్నుదో అయి ఉంటుంది. తేల్చడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే హబ్ బేరింగు, పోకపోతే కింగ్ పిన్ను. పైనా కిందా ఆట లేకుండా, పక్కలకు ఊపినప్పుడు మాత్రమే ఉంటే టై రాడ్ ఎండ్లను చూడాలి.

కమాన్ కట్టలు

ముందు ఇరుసును పట్టి ఉంచేవి కమాన్ కట్టలే. షాకిల్ బుష్‌లు అరిగినా, యూ బోల్టులు వదులైనా ఇరుసే అటూ ఇటూ జరుగుతుంది. బ్రేకు వేయగానే స్టీరింగ్ దానంతట అది తిరిగితే ముందు ఇక్కడ చూడండి. సెంటర్ బోల్టు తెగితే ఇరుసు ఒక వైపు వెనక్కి జరిగి బండి వంకరగా నడుస్తుంది. ఎత్తు కోసం అదనపు పట్టీలు వేయించినప్పుడు ఇరుసు వాలు మారుతుంది. కాస్టర్ అనే ఈ వాలు విల్లీస్ జీపుల్లో సుమారు 3 డిగ్రీలు. అది తగ్గితే బండి నేరుగా నిలవదు.

గుంటలో పడగానే చక్రాలు ఊగితే

ఒక వేగం దగ్గర గుంట తగలగానే ముందు చక్రాలు రెండూ గజగజ ఊగి, స్టీరింగ్ చేతుల్లో నిలవకపోవడాన్ని వాబ్లింగ్ అంటారు. దీనికి తరచూ ఒకటి కాదు, రెండు మూడు చిన్న లోపాలు కలిసి కారణమవుతాయి: టైరు బ్యాలెన్స్, టై రాడ్ ఎండ్లు, వదులైన కింగ్ పిన్ను బేరింగులు, తగ్గిన కాస్టర్. స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే ఊపు కొన్నాళ్ళు కనపడదు గాని లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది. దారిలో ఊపు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం తగ్గాక పక్కకు ఆపండి.

స్టీరింగ్ బరువైతే

గాలి తక్కువైనా, కింగ్ పిన్నుకు గ్రీజు అందకపోయినా, బాక్సులో ఆయిల్ కారిపోయినా స్టీరింగ్ బరువవుతుంది. ఇంకో కారణం చాలామందికి తట్టదు. బురదలో ఫోర్ వీల్ వేసి, తారు రోడ్డెక్కాక తీయడం మరిచిపోతారు. ఈ జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు. గట్టి రోడ్డు మీద మలుపు తిప్పితే రెండూ పెనుగులాడి స్టీరింగ్ బిగుసుకుంటుంది. షెడ్డుకు వెళ్ళే ముందు ఆ లివరు చూసుకోండి.

చట్టం ఏమంటోంది

1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 98వది స్టీరింగ్ గురించే. స్టీరింగ్ చక్రం మీద ఆట 30 డిగ్రీలు దాటకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలి. బోల్టులు ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలి. 16 అంగుళాల స్టీరింగ్ అంచు మీద 30 డిగ్రీలంటే 4 అంగుళాలకు పైమాటే. అంత ఆటతో ఘాట్ ఎక్కడం తెలివైన పని కాదు. దానికి చాలా ముందే జాయింట్లు మార్పించాలి. మార్చిన ప్రతిచోటా కొత్త స్ప్లిట్ పిన్ను వేయించండి. వంగిన టై రాడ్డుకు, విరిగిన ఆర్మ్‌కు వెల్డింగు ఒప్పుకోకండి.

మెకానిక్‌కు చెప్పాల్సినవి

మనం ఉండే ఊళ్ళలో మెకానిక్ ఒడియా మాట్లాడవచ్చు, కన్నడమో తమిళమో మరాఠీయో మాట్లాడవచ్చు. కింగ్ పిన్ను, టై రాడ్, డ్రాగ్ లింక్ అన్న పేర్లు మాత్రం అన్నిచోట్లా ఇవే. నాలుగు విషయాలు గుర్తుపెట్టుకుని చెప్పండి: ఎంత వేగంలో వస్తోంది, తారు మీదా మట్టి మీదా, బ్రేకు వేస్తేనా వేయకపోయినా వస్తోందా, బరువుతోనా ఖాళీగానా. తర్వాత ఒకసారికి ఒక్క లోపమే సరిచేయించి, బండి నడిపి చూడండి. అయిదు సామాన్లు ఒకేసారి మారిస్తే ఏది అసలు కారణమో తెలియదు. డబ్బు పోతుంది, భయం మాత్రం మిగులుతుంది.