తాడు వదిలేస్తేనే తమాషా

పడవ వెనక తాడు పట్టుకుని నీళ్ళమీద నిలబడడం ఒక ఎత్తు, ఆ తాడు వదిలేసి నిలబడడం ఒక ఎత్తు. దీన్నే వేక్‌సర్ఫింగ్ అంటారు. అమెరికాలో ఆస్టిన్ దగ్గర ట్రావిస్ సరస్సులో మా చెల్లెలు నాకిది నేర్పింది. "ఈ వయసులో నీకెందుకే?" అని ఫోన్లో అమ్మ ఒకటే గోల. ముప్పై ఎనిమిదీ ఒక వయసేనా, మీరే చెప్పండి! పెళ్ళయ్యాక నాకోసం నేను నేర్చుకున్న మొదటి పని ఇదే.

పడవ గంటకు సుమారు 16-18 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ట్యాంకుల్లో నీళ్ళు నింపి దాన్ని బరువెక్కిస్తారు, అందుకే వెనక అంత అల లేస్తుంది. ప్రొపెల్లర్ వెనక్కి పొడుచుకు రాకుండా పడవ అడుగున ఉండాలి. లేదంటే ఈ ఆట వద్దే వద్దు. లైఫ్ జాకెట్ సరేసరి.

వెల్లకిలా తేలుతూ మడమలు పలకమీద ఆనించి, మోకాళ్ళు ముడుచుకుంటే పడవే మనల్ని లేపుతుంది. అసలు కథ ఆ తర్వాతే. ముందుకాలిమీద బరువేస్తే పలక వేగం అందుకుంటుంది, వెనక్కాలిమీద వేస్తే తగ్గుతుంది. ఆ రెండిటి మధ్యా ఒకచోట చేతిలో తాడు వదులవుతుంది. అంటే ఇక పడవ లాగడం లేదు, అలే తోస్తోందన్నమాట. బిగుతుగా ఉండగా వదిలితే వెనకపడిపోతాం.

"వదిలెయ్యక్కా!" అని చెల్లెలు అరిచింది. తాడు పక్కకి విసిరేశాను. ఎంతసేపు నిలబడ్డానంటారా? పది లెక్కపెట్టేంతసేపు. మర్నాడు ఒళ్ళంతా నొప్పులే. అయినా పొద్దున్నే, నీళ్ళు కదలకుండా ఉండగానే మళ్ళీ దిగాం.